దివిసీమ ఉప్పెన – అభయదాన విశిష్టత



కృష్ణవేణీ నది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి సముద్రుని చేరుతుంది. ఆ పాయల నడుమ వెలసిన ద్వీపమే దివిసీమ. హంసలదీవిలో శ్రీ వేణుగోపాలస్వామివారు కొలువై ఉన్న పుణ్యభూమి అది.

పింగళ నామ సంవత్సర కార్తీక మాసమున, 1977 నవంబరు 19వ తేదీ శనివారం నాడు, ఆ సీమను ఉప్పెన ముంచెత్తినది. వరిచేలు పంటకు వచ్చిన సమయమది. గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో వీచిన పెనుగాలి వెంట సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రజలం పల్లెలపైకి పొర్లినది.

తుపాను తీరం దాటినది చీరాల ప్రాంతమున కాగా, అధిక నష్టం దానికి ఈశాన్యమున ఉన్న దివిసీమకు కలుగుటకు కారణమున్నది. మన సముద్రమున తుపాను గాలులు అపసవ్య దిశలో సుడి తిరుగుతాయి. అందుచేత తుపాను సాగివచ్చు మార్గమునకు కుడివైపున గాలి సముద్రమును తీరముపైకి నెట్టుతుంది. అక్కడ సముద్రగర్భం లోతు తక్కువ. భూమి పల్లము. నెట్టబడిన నీటికి ఊళ్లపై పడుట తప్ప వేరు దారి లేకపోయినది.

ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. అంతకు మించి ఉందురని పలువురి అభిప్రాయం. రెండు లక్షలకు పైగా పశువులు నశించినవి. ప్రాణములు తీసినది ప్రధానముగా గాలి కాదు, నీరు. పూరిగుడిసెల నడుమ ఎక్కి నిలువదగిన గట్టి కట్టడములు బహు స్వల్పము. అంతకుముందు 1864 నవంబరు 1వ తేదీన బందరు పట్టణమున సుమారు 30,000 మందిని బలిగొన్నదియు ఇట్టి ఉప్పెనయే.

ఆ దుఃఖసమయమున తెలుగువారి దానగుణం వెల్లివిరిసినది. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు గారలు ప్రజల మధ్యకు వచ్చి విరాళములు సేకరించినారు. రామకృష్ణ మిషన్ వంటి సేవాసంస్థలు నిరాశ్రయులకు గృహములు నిర్మించి ఇచ్చినవి. తదుపరి కాలమున తీరం పొడవునా తుపాను షెల్టర్లు వెలసినవి. హెచ్చరికల వ్యవస్థ బలపడినది.

దీని ఫలం 1990 మే 9వ తేదీన కానవచ్చినది. మరొక ప్రచండ తుపాను కృష్ణా ముఖద్వార సమీపముననే తీరం దాటినది. లక్షలాది ప్రజలను ముందుగానే సురక్షిత స్థలములకు తరలించినారు. అయినను 967 మంది మరణించుట శోచనీయమే. కాని 1977 నాటి సంఖ్యతో పోల్చినచో, ఎన్ని వేల కుటుంబములలో దీపం ఆరకుండా నిలిచినదో గ్రహింపవచ్చును.

దానములలో అభయదానము శ్రేష్ఠమని పెద్దల మాట. అన్నము ఒక పూట ఆకలి తీర్చును. ఎత్తైన అరుగుతో కట్టిన గట్టి భవనము తరతరముల ప్రాణములను కాచును. అయితే కట్టుటతోనే పుణ్యము పూర్తి కాదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టును, కప్పు పెచ్చులూడును. ఆనాటి షెల్టర్లలో అనేకం కాలక్రమమున శిథిలమైనవి. దేవాలయమునకు వలెనే వానికిని జీర్ణోద్ధరణ అవసరము. ఆలయ జీర్ణోద్ధరణకు చేయూతనిచ్చు దాతలు, తీరగ్రామములలోని ఆ ఆశ్రయములను, ఆపత్కాలమున తలుపు తెరువదగిన మండపములను, సత్రములను కూడ తమ దృష్టియందు ఉంచుకొందురు గాక. ఉప్పెన మరల రాదని చెప్పగలవారు లేరు. వచ్చిననాడు ఎక్కుటకు మెట్టు ఉండవలెను.

శుభం భూయాత్.