వేషానికి అద్దె, బట్టకు చట్టం

అమెరికాలో ‘రినైజాన్స్ ఫెయిర్’ అనే జాతర ఒకటి ఉంది. పదహారో శతాబ్దపు ఇంగ్లండులో సంతరోజు ఎలా ఉండేదో కళ్లకు కట్టించే ఉత్సవమది. పేరు పాతదేగాని జాతర పాతది కాదు. 1963 మే నెలలో లాస్ ఏంజిలిస్ నగరంలోని నార్త్ హాలీవుడ్‌లో ఫిల్లిస్ పాటర్సన్ అనే ఉపాధ్యాయురాలు, ఆమె భర్త రాన్ కలిసి, శ్రోతల చందాలతో నడిచే ఒక రేడియో కేంద్రానికి నిధి కూడబెట్టడం కోసం రెండురోజులపాటు తొలి జాతర జరిపారు. అది జనానికి నచ్చింది. చూస్తుండగానే ఇతర రాష్ట్రాలకూ పాకింది. అలాంటివాటిలో పెద్దది టెక్సాస్‌లో, హ్యూస్టన్‌కు వాయవ్యంగా టాడ్ మిషన్ అనేచోట 1974లో మొదలైంది. శరదృతువులో శని, ఆదివారాలు జరుగుతుంది.

హ్యూస్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు ఒక అక్టోబరు ఆదివారం నన్ను అక్కడికి తీసుకుపోయారు. వచ్చినవాళ్లలో చాలామంది వేషం వేసుకునే వస్తారు. లేనివాళ్లకు అద్దెకిచ్చే అంగడి ఉంది. రాజు, వర్తకుడు, రైతు, ఎవరి వేషమైనా దొరుకుతుంది. తేడా అంతా అద్దెలోనే.

మాది షోలాపూరు. సాలెల ఇంట పుట్టినవాణ్ణి. కొత్త బట్ట కనబడితే ముందు రంగు చూడను, కొస పట్టుకుని వేళ్లమధ్య నలిపి చూస్తాను. రాజుగారి ఊదారంగు మఖమల్ పట్టుది కాదు, పాలిస్టరుది. రైతు చొక్కా మాత్రం శుభ్రమైన నూలు. నేను వర్తకుణ్ణయ్యాను. వదులు చేతుల నూలుచొక్కా, దానిమీద చేతుల్లేని బిగువు కోటు, మోకాళ్లదాకా లాగు, తలమీద పళ్లెంలాంటి ఉన్నిటోపీ. టెక్సాస్‌లో అక్టోబరు ఎండ మా షోలాపూరు ఎండకు చెల్లెలే గనుక ఆ టోపీ మహిమ నాకు గంటలోనే తెలిసింది.

గుర్రాలమీద ఈటెల పోటీ చూశాం. కమ్మరి కొలిమి దగ్గర నిలబడ్డాం. ఎదురైనవాళ్లంతా ‘మై లార్డ్’, ‘మై లేడీ’ అని వంగి పలకరిస్తున్నారు. ఎప్పుడూ ‘మామయ్యా’ అనే మా అల్లుడు కూడా ఆ పూటకు నన్ను ‘మై లార్డ్’ అన్నాడు. ఆ ఆటలో సంతోషం ఉంది, కాదనను. కాని నేను వేసుకున్న మూడు గుడ్డల వెనుకా మూడు చట్టాలున్నాయి. జాతరలో వాటి ఊసే లేదు.

మొదటిది టోపీ చట్టం. 1571లో ఇంగ్లండు పార్లమెంటు ఆరేళ్లు దాటినవారు ఆదివారాల్లో, పండుగరోజుల్లో స్వదేశంలో అల్లిన ఉన్నిటోపీ పెట్టుకు తీరాలని శాసించింది. పెద్దింటివారికి మినహాయింపు ఉంది. పెట్టుకోనివారికి రోజుకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. టోపీలు అల్లేవాళ్ల పని పడిపోకుండా కాపాడడం దాని ఉద్దేశం. జనం పెద్దగా లెక్కచేయలేదు. 1597లో దాన్ని రద్దు చేశారు.

రెండోది హోదా చట్టం. 1574లో ఎలిజబెత్ రాణి చేసిన ప్రకటన ప్రకారం ఊదారంగు పట్టు, బంగారు జరీబట్ట రాజకుటుంబానికీ, అత్యున్నత ప్రభువులకూ తప్ప ఇతరులకు నిషిద్ధం. డబ్బుంటే చాలదు, పుట్టుక కూడా ఉండాలి. బట్ట చూస్తే మనిషి స్థాయి తెలియాలి, ఆ స్థాయి దాటరాదు. ఈ ఆంక్షలు 1604లో తొలగిపోయాయి. అంటే జాతరలో ఊదా అంగీ వేసుకుని టర్కీకోడి కాలు కొరుక్కుంటూ తిరిగే ‘రాజు’లందరూ ఆ రాణి కాలంలో నేరస్థులే!

మూడోది మనకు దగ్గరి సంగతి. నా చొక్కా నూలుది. ఎలిజబెత్ కాలపు ఇంగ్లండులో సామాన్యుడు కట్టింది అవిసెనారా, ఉన్నీ. నూలుబట్ట అరుదు. ఆమె పోయాక, 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టింది. క్రమంగా మన తీరపు అద్దకాలు, చీటీగుడ్డలు లండన్ చేరాయి. తేలికగా ఉంటాయి, ఉతికితే రంగు పోదు, పైగా చవక. ఉన్ని, పట్టు నేసేవాళ్లు గోల పెట్టారు. 1700లో ఇండియా, పర్షియా, చైనాల అద్దకపు నూలుబట్టలు ఇంగ్లండులో ధరించరాదని చట్టం వచ్చింది. తెల్లబట్ట తెప్పించి అక్కడే అద్దుకోసాగారు. 1719లో లండన్ నేతగాళ్లు వీధిలో ఆడవాళ్ల ఒంటిమీది చీటీగౌనులు చింపారు. 1721లో మరో చట్టం ఆ దారీ మూసింది. కట్టుకున్నవాళ్లకు 5 పౌన్ల జరిమానా. 1774లో ఆంక్ష సడలింది గాని, అది ఇంగ్లండు తన నూలుబట్ట తానే చేసుకోవడం నేర్చాక.

వాళ్లను చూసి మనం నవ్వనక్కరలేదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఒంటిమీద రవిక వేసుకోవడానికి 1859లో రాజు ప్రకటన కావలసివచ్చింది. అదైనా పైకులాలవారిలా కట్టరాదన్న షరతుతో.

మగ్గం పట్టుకుని తెలుగునాడు దాటి షోలాపూరు, భివండి చేరిన కుటుంబాలకూ ఆ లండన్ చట్టాలకూ నేరుగా సంబంధం లేదు. అయితే మగ్గం ముందు కూర్చున్నవాడి కూడు ఎక్కడో దూరాన ఎవరో రాసే కాగితం మీద ఆధారపడుతుందన్న సంగతి మాకు పుస్తకాలు చదివి తెలియాల్సిన పని లేదు. ఆ నేతగాళ్లు చింపిన గౌను బట్ట వెనుక ఈ తీరాన ఒక సాలె, ఒక అద్దకపువాడు ఉన్నారు. ఆ నేతగాళ్లకూ ఆకలే. తగవు మాత్రం బట్ట కట్టుకున్న ఆడమనిషి ఒంటిమీద తీరింది.

ఇష్టమైన బట్ట ఇష్టమైనవాడు కట్టుకోవచ్చునన్నది పదహారో శతాబ్దపు సొత్తు కాదు. తర్వాతి తరాలు ఒక్కొక్క ఆంక్షా తెంచుకుంటూ సంపాదించింది. జాతర ఆ స్వేచ్ఛను పాతకాలానికి అరువిస్తున్నది. వేషాల అంగట్లో 1574 నాటి ఆ ప్రకటనను ఒక కాగితం మీద రాసి వేలాడదీస్తే బాగుండును. సరదా ఏమీ తగ్గదు. రైతు వేషం అడగబోయిన పిల్లవాడు అది చదివి, రాజు వేషమే కావాలని మారాం చేసినా చేయవచ్చు.