చావు ఖర్చుకు జడిసిన రోజులు

చావు వచ్చిన ఇంట్లో దుఃఖం కంటే ఖర్చే బరువనిపిస్తే ఆ ఇల్లాలి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. దాదాపు రెండువేల ఏళ్ళ కిందట యూదులకు అలాంటి రోజులే వచ్చాయి.

యూదులు శవాన్ని దహనం చేసేవారు కాదు. కడిగి, నూనె రాసి, వీలైనంతవరకు పోయిననాడే పూడ్చేవారు. జెరూసలేంలో కలిగినవారికి కొండరాతిలో తొలిచిన గుహలుండేవి. ఏడాది గడిచాక ఎముకలు ఏరి, తొడ ఎముక పట్టేంత పొడవున్న రాతిపెట్టెలో దాచేవారు. 1990లో అక్కడ "కయప కుమారుడు యోసేపు" అని చెక్కిన పెట్టె ఒకటి దొరికింది. అందులో ఆరుగురి ఎముకలున్నాయి. ఇద్దరు పసికందులు, ఒక స్త్రీ కూడా ఉన్నారు. ఆమె పేరు మాత్రం పెట్టె మీద లేదు. బీదలకైతే మామూలు మట్టిగోతులే.

ఇక శోకాలు పెట్టడం ఆడవాళ్ళ విద్య. ఒకామె ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకునేవారు. ఎంత బీదవాడైనా సరే, భార్య పోతే ఇద్దరు పిల్లనగ్రోవివాళ్ళనూ, శోకం పెట్టే ఒక స్త్రీనీ పిలిపించి తీరాలన్నాడు రబ్బీ యూదా. బతికుండగా ఏం చూసుకున్నాడో గాని, పోయాకైనా ఆ మర్యాద దక్కిందన్నమాట!

అసలు సంగతి తాల్మూదు గ్రంథంలో ఉంది. మొదట్లో ధనికుల శవాలకు ముఖం తెరిచి ఉంచి, బీదలకు కప్పేవారట. కరువుకు నల్లబడిన ముఖాలు కదా, అందుకని. బతికున్న బీదలకు అది సిగ్గనిపించింది. దాంతో అందరి ముఖాలూ కప్పాలన్నారు. పాడె సంగతీ అంతే. ధనికులకు అలంకరించిన మంచం, బీదలకు వట్టి పాడె ఉండేవి. తర్వాత అందరికీ వట్టి పాడెనే ఖాయం చేశారు.

అయినా బట్టల ఖర్చు తగ్గలేదు. చావుకంటే అదే కష్టమై, కొందరు సొంతవాళ్ళ శవాన్నే వదిలేసి పారిపోయేవారట. కన్నవాళ్ళనో, కట్టుకున్నవాళ్ళనో అలా వదిలి వెళ్ళాలంటే ఎంత చితికిపోయి ఉండాలి! అప్పుడు రబ్బాన్ గమలీయేలు అనే గొప్ప పెద్ద, తన హోదా పక్కనబెట్టి, తనను మామూలు అవిసెనార బట్టలోనే పూడ్చమన్నాడు. అలాగే చేశారు. అంతటివాడికే నారబట్ట చాలినప్పుడు ఇక పట్టుబట్టలెవరు అడుగుతారు? జనమంతా ఆ దారే పట్టారు.

ఆ మేలు మరిచిపోకుండా, చావు ఇంట తాగే పది గిన్నెల ద్రాక్షసారాకు మరో నాలుగు చేర్చి, అందులో ఒకటి ఆయన పేర తాగారు. తీరా జనం తాగి తూలుతున్నారని చూసి, పెద్దలు మళ్ళీ పదికే తగ్గించారు.