పశుపోషణలో యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గింపు

పశుపోషణలో యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గింపు అనగా పాడిపశువులు, గొర్రెలు, కోళ్ళు మొదలైన ఆహారోత్పత్తి జీవాలకు ఈ ఔషధాలను జబ్బు చేసినపుడు చికిత్సకు మాత్రమే పరిమితం చేయుట. విచ్చలవిడి వాడకం వలన బాక్టీరియాలు మందులకు లొంగని శక్తిని సంతరించుకొంటాయి. దీనినే ఔషధ నిరోధకత అంటారు. 2019 లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో అమ్ముడయ్యే సూక్ష్మజీవనాశక ఔషధాలలో సుమారు 73 శాతం జంతువులకే వినియోగమవుతున్నవి. ఒక్క 2019 సంవత్సరంలోనే మందులకు లొంగని బాక్టీరియాల వలన నేరుగా 12.7 లక్షల మంది మరణించారని మరొక అంచనా.

చరిత్ర

ఈ చరిత్ర మొదటి ఘట్టంతో ఒక తెలుగు శాస్త్రవేత్తకు సంబంధమున్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనా విభాగానికి నాయకత్వం వహించిన కాలంలో, బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నాడు. సుబ్బారావు 1948 లో మరణించాడు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థాన్ని దాణాలో కలిపితే కోళ్ళు త్వరగా బరువు పెరుగుతాయని అదే సంస్థకు చెందిన స్టోక్‌స్టాడ్, జూక్స్ 1950 లో ప్రకటించారు. ఆ తరువాత స్వల్ప మోతాదులో యాంటీబయాటిక్‌లను దాణాలో కలుపుట అనేక దేశాలకు వ్యాపించినది.

నిరోధకత వ్యాపించే విధానం

స్వల్ప మోతాదు మందు బాక్టీరియాలన్నిటినీ చంపలేదు. బలహీనమైనవి చనిపోగా, తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. ఒక బాక్టీరియాలోని నిరోధక జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీ.ఎన్.ఏ. వలయం ద్వారా వేరొక జాతి బాక్టీరియాకు కూడా చేరగలదు. మాంసం, కోళ్ళ పెంట, మురుగునీరు, పనివారి చేతుల ద్వారా ఇవి మనుషులను చేరుతాయి.

కోలిస్టిన్ ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. ఇతర మందులేవీ పనిచేయని రోగులకు వైద్యులు చివరి ప్రయత్నంగా ఇచ్చే మందు ఇది. దీనికి లొంగకుండా చేసే ఎం.సి.ఆర్-1 అనే జన్యువు చైనాలోని పందులలో, మాంసంలో, రోగులలో ఉన్నట్లు 2015 లో వెల్లడైనది.

భారతదేశంలో చర్యలు

* 2012: ఆహారోత్పత్తి జీవాలకు వాడే మందుల పొట్లాలపై విరామకాలం ముద్రించవలెనని నియమం వచ్చినది. విరామకాలం అనగా చివరి మోతాదు ఇచ్చిన తరువాత పాలు, గుడ్లు లేక మాంసాన్ని వినియోగించకుండా ఆగవలసిన గడువు. ముద్రణ లేనిచో పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగవలెను.
* 2017: ఔషధ నిరోధకతపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించబడినది.
* 2019 జూలై: ఆహారోత్పత్తి జీవాలకు, కోళ్ళకు, చేపలు, రొయ్యల పెంపకానికి, దాణాకు కోలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీ నిషేధించబడినవి.
* 2025: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఔషధాలు ఆహారోత్పత్తి జీవాల పెంపకంలో నిషేధించబడినవి.

తెలంగాణలో

గుడ్ల ఉత్పత్తిలో తెలంగాణ 2022-23 లో 12.77 శాతం వాటాతో దేశంలో మూడవ స్థానంలో ఉన్నది. కావున ఈ సమస్య రాష్ట్రానికి ఎంతో ముఖ్యమైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు తెలంగాణ, కేరళ రాష్ట్రాల బ్రాయిలర్ కోళ్ళను పరిశీలించి, వాటి పేగులలోని బాక్టీరియాలలో నిరోధక జన్యువులు ఉన్నట్లు 2024 లో ప్రచురించారు.

తగ్గించే మార్గాలు

జబ్బు రాకుండా చూచుటయే మొదటి మార్గం. కొక్కెర తెగులు, గంబోరో వంటివి వైరస్ వ్యాధులు. వీటిపై యాంటీబయాటిక్‌లు పనిచేయవు, సకాలంలో టీకాలు వేయించుటయే రక్షణ. షెడ్డులో గాలి, వెలుతురు ఉండుట, కోళ్ళను కిక్కిరిసి ఉంచకుండుట, ఒక మంద అమ్మిన తరువాత షెడ్డును శుభ్రపరచి కొంతకాలం ఖాళీగా ఉంచుట, శుభ్రమైన నీరు అందించుట ముఖ్యం.

పాడిపశువులలో యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడేది పొదుగువాపు వ్యాధికి. పాలు పితికే ముందు చేతులు, పొదుగు కడుగుట, పితికిన తరువాత చనుమొనలను క్రిమినాశక ద్రావణంలో ముంచుట దీనిని చాలావరకు నివారిస్తాయి. ఈ వ్యాధికి 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరిన ముద్దను పొదుగుకు పూయుటను జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్నది. మెండోర, బాల్కొండ, ఆర్మూరు వంటి పసుపు పండే నిజామాబాదు జిల్లా ప్రాంతాలలో ఈ దినుసులు సులభంగా లభిస్తాయి. అయితే జ్వరం ఉన్నా, పాలలో రక్తం కనిపించినా పశువైద్యుని సంప్రదించవలెను. అవసరమైన మందును ఆపివేయుట ఈ ప్రయత్నం ఉద్దేశం కాదు. వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడి, విరామకాలం పాటించవలెను.

ఇతర దేశాల అనుభవం

పెరుగుదల కొరకు యాంటీబయాటిక్‌లు వాడుటను స్వీడన్ 1986 లోనే నిషేధించినది. డెన్మార్క్ 1995 లో అవోపార్సిన్‌ను నిషేధించిన తరువాత, అక్కడి కోళ్ళలో వాంకోమైసిన్‌కు లొంగని బాక్టీరియాలు గణనీయంగా తగ్గినవి. ఐరోపా సమాఖ్య 2006 లో పెరుగుదల కొరకు వాడుటను పూర్తిగా నిలిపివేసి, 2022 నుండి ఆరోగ్యంగా ఉన్న మందలకు అలవాటుగా మందులిచ్చుటను కూడా నిషేధించినది. మందుల ఒత్తిడి తగ్గితే నిరోధకత కూడా తగ్గగలదని డెన్మార్క్ అనుభవం తెలుపుచున్నది.

ఇవి కూడా చూడండి

* యల్లాప్రగడ సుబ్బారావు
* కోళ్ళ పరిశ్రమ
* పొదుగువాపు వ్యాధి
* నిజామాబాదు జిల్లా