గొట్టంలో ఆగిపోయిన గుండు

1863 జులై మొదటి మూడు రోజులు అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర ఉత్తర, దక్షిణ సైన్యాలు తలపడ్డాయి. పోరు ముగిశాక పొలాల్లో పడి ఉన్న తుపాకులను ఏరి లెక్కపెడితే 27 వేలకు పైగా తేలాయి. వాటిలో సుమారు 24 వేల తుపాకుల్లో మందూ గుండూ దట్టించినవి దట్టించినట్టే ఉన్నాయి. 12 వేల తుపాకుల్లో రెండేసి గుండ్లు. 6 వేల తుపాకుల్లో మూడు మొదలుకొని పది దాకా, ఒకదాని మీద ఒకటి. ఒక తుపాకిలోనైతే ఏకంగా 23. కొన్నింటిలో గుండు అడుగునా మందు పైనా ఉంది. అంటే ఎన్నిసార్లు ట్రిగ్గర్ నొక్కినా అవి పేలేవే కావు.

ఇలా ఎందుకు జరిగిందో ఊహించడం కష్టం కాదు. అప్పటి తుపాకిని మూతి వైపు నుంచి నింపాలి. ఆ పనిని తొమ్మిది అంచెలుగా విడదీసి సిపాయిలకు కవాతులో నేర్పేవారు. కాగితం పొట్లాన్ని పళ్లతో చింపాలి, మందు గొట్టంలో పోయాలి, గుండు వేసి ఇనుప కడ్డీతో అడుగుదాకా దిగగొట్టాలి, చివరగా వెనక వైపు చిన్న రాగి క్యాపు తగిలించాలి. సుత్తి ఆ క్యాపు మీద పడితేనే నిప్పు లోపలి మందుకు అందుతుంది. చుట్టూ వేల తుపాకులు మోగుతుంటే, ఎదర ఉన్నవాడు పొగలో కనబడకుండా పోతే, చేతిలోని తుపాకి పేలిందో లేదో ఎలా తెలుస్తుంది? క్యాపు పెట్టడం మరిచినా, క్యాపు పేలి మందు అంటుకోకపోయినా, సిపాయి తనది పేలిందనే అనుకుంటాడు. మళ్లీ నింపుతాడు. సాటి మనిషిని చంపడానికి చేతులు రాక చాలామంది కాల్చినట్టు నటించారని వాదించినవాళ్లూ ఉన్నారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ ఇన్ని వేల తుపాకులకు భయం, పొగ, మోత చాలు అనిపిస్తుంది నాకు. నాలుగైదు గుండ్లు పేర్చిన తుపాకిలో ఏ క్షణానో మందు అంటుకుంటే గొట్టం చీలి, పట్టుకున్నవాడి ముఖం మీదే పేలేది.

గుండు గొట్టంలో ఇరుక్కోవడం అంతకు ముందు నుంచే ఉన్న బాధ. నున్నటి గొట్టంలో గుండు వదులుగా దిగిపోయేది కానీ గురి నిలిచేది కాదు. గురి కోసం గొట్టం లోపల మెలికలు తిరిగే గాడులు చెక్కారు. ఆ గాడుల్ని పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి, బిగుతుగా ఉంటే లోపలికి దిగదు. 1800 నాటి బ్రిటిష్ బేకర్ రైఫిల్‌తో పాటు మొదట్లో సిపాయికి ఒక చిన్న కొయ్యసుత్తి కూడా ఇచ్చారు, గుండును కొట్టి దించడానికి. పైగా ఆనాటి నల్ల తుపాకిమందు కాలితే సగానికి పైగా మసిగా, గట్టి పొరగా మిగిలిపోతుంది. పది ఇరవై సార్లు కాల్చేసరికి గొట్టం ఇరుకై, తరవాతి గుండు సగంలోనే ఆగిపోయేది. అడుగున మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండగా కాలిస్తే గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది.

1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. గుండును కాస్త చిన్నదిగా, అడుగున బోలుగా పోతపోశాడు. దింపేటప్పుడు అది సులువుగా జారుతుంది. మందు పేలినప్పుడు ఆ వాయువు తోపుకి అడుగుభాగం విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటుంది. బ్రిటన్ వారి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ దారిలోనే వచ్చింది. అయినా మసి సమస్య తీరలేదు. గుండు చుట్టూ ఉన్న కాగితానికి కొవ్వు పూస్తే అది మసిని మెత్తబరిచి, గుండు ఇరుక్కోకుండా దిగేలా చేసేది. ఆ తూటాలే మన దేశానికి వచ్చాయి. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి దమ్‌దమ్‌లో మొదలైన ఆవుకొవ్వు, పందికొవ్వు మాట మార్చి నెలాఖరుకు బారక్‌పూర్‌లో మంగళ్ పాండే దాకా, మే నెలలో మీరట్ దాకా పాకింది. ఆ ఏటి సిపాయిల తిరుగుబాటుకు కారణాలు వేరే బోలెడున్నాయి. కానీ తూటాకు కొవ్వు అసలెందుకు కావలసి వచ్చిందని అడిగితే మాత్రం, గొట్టంలో గుండు ఆగిపోకూడదనే.

గొట్టం తట్టుకుంటుందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలన్న ఆలోచన ఇంకా పాతది. 1460లో స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్ రాక్స్‌బర్గ్ కోటను ముట్టడిస్తూ, తన ఫిరంగే పగిలి చనిపోయాడు. తుపాకులను పరీక్షించే అధికారమిస్తూ లండన్ తుపాకుల తయారీదారుల సంఘానికి 1637లో రాజపత్రం దక్కింది. లియేజ్‌లో 1672లో, బర్మింగ్‌హామ్‌లో 1813లో పరీక్షాశాలలు వెలిశాయి. పద్ధతి సూటిగా ఉండేది: మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి కాల్చడం, గొట్టం నిలబడితే దాని మీద ముద్ర కొట్టడం. ఆ ముద్ర ఈనాటికీ కొనేవాడికి భరోసా. అయితే ఈ పరీక్షల్లో గొట్టానికి అడ్డం పెట్టి కాల్చి చూడరు. అడ్డంకిని ప్రతిసారీ తట్టుకునేలా తుపాకిని తయారుచేయడం చాలా కష్టం.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇత్తడి తూటా వచ్చాక మందు, గుండు, నిప్పు పుట్టించే ప్రైమర్ అన్నీ ఒకే తొడుగులో ఇమిడిపోయాయి. సిపాయి మందు కొలవనక్కర్లేదు, కడ్డీతో దిగగొట్టనక్కర్లేదు. పొరపాటు మాత్రం పోలేదు, సిపాయి చేతి నుంచి కార్ఖానా యంత్రానికి మారింది. తొడుగులో మందు పడకపోయినా, చాలినంత పడకపోయినా పైకి చూస్తే తూటా తూటాలాగే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఒక్క ప్రైమరే పేలుతుంది. దాని బలం గుండును తొడుగు నుంచి ఊడబెరికి గొట్టంలోకి కొంత దూరం తోస్తుంది, అక్కడితో సరి. ధడేల్‌మనే మోతకు బదులు టప్‌మనే చిన్న చప్పుడు. భుజానికి తోపు తగలదు. కాల్పులు నేర్పేవాళ్లంతా జాగ్రత్తగా వినమనేది ఆ చిన్న చప్పుడే. దాన్ని స్క్విబ్ అంటారు.

తరవాతి తూటాతోనే ప్రాణాపాయం. మామూలు 9 ఎం.ఎం. తూటా లోపల పీడనం బయటి గాలి పీడనానికి సుమారు 2,400 రెట్ల దాకా లేస్తుంది. గుండు ముందుకు కదిలిపోతూ ఉంటేనే గొట్టం దాన్ని భరిస్తుంది. ముందు దారి మూసుకుపోతే, జోరుగా పారే నీటికి కుళాయి ఒక్కసారిగా కట్టేసినప్పుడు పైపు అదిరినట్టు, ఆ ఒక్కచోటే పీడనం విరుచుకుపడుతుంది. అదృష్టం బాగుంటే గొట్టం అక్కడ ఉంగరంలా ఉబ్బి ఊరుకుంటుంది. లేకపోతే చీలుతుంది, వేళ్లూ కళ్లూ పోతాయి. సొంతంగా పనిచేసే పిస్టల్‌లో స్క్విబ్ పడితే సాధారణంగా స్లయిడు కదలదు, పిస్టల్ ఆగిపోతుంది. కానీ ఆగిన పిస్టల్‌ను క్షణంలో లాగి మళ్లీ కాల్చమని శిక్షణలో చేతికి అలవాటు చేస్తారు. ఎదురుకాల్పుల్లో ప్రాణం నిలబెట్టే ఆ అలవాటే ఇక్కడ ప్రాణం తీస్తుంది. రివాల్వర్‌లో ఆ కాస్త హెచ్చరిక కూడా లేదు. సిలిండర్‌ను తిప్పేది వేలే కాబట్టి ఒకదాని వెనక ఒకటి గుండ్లు గొట్టంలో పేరుకున్నా అది తిరుగుతూనే ఉంటుంది.

వేటతుపాకుల్లో ఇదే ప్రమాదం ఇంకో దారిన వస్తుంది. 12 బోర్ తుపాకిలో పొరపాటున సన్నటి 20 బోర్ తూటా వేస్తే అది జారి గొట్టంలో ముందుకెళ్లి ఆగుతుంది. చూసేవాడికి తూటా పెట్టే గది ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక అసలు తూటా పెట్టి కాలిస్తే గొట్టం బద్దలే. అమెరికాలో 20 బోర్ తూటాలకు పసుపు రంగు స్థిరపడింది ఇందుకే. ఎవరికి తోచిందో గానీ, ఆ రంగు ఎన్ని చేతుల్ని కాపాడిందో!

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసే ఘటనలు రెండూ యుద్ధరంగంలో జరిగినవి కావు. 1918 మార్చి 23 రాత్రి లండన్‌లోని వుడ్‌గ్రీన్ ఎంపైర్ థియేటర్‌లో, చంగ్ లింగ్ సూ అనే పేరుతో చైనీయుడిగా ఆడే అమెరికన్ గారడీవాడు విలియం రాబిన్‌సన్ పేలిన గుండును పట్టుకునే ప్రదర్శన ఇచ్చాడు. గుట్టు తుపాకిలోనే ఉంది: నిప్పు అసలు గొట్టానికి అందకుండా, కింద కడ్డీ పెట్టే గొట్టంలో మాత్రమే పేలుతుంది. అసలు గుండు లోపలే ఉండిపోతుంది. ప్రదర్శన అయ్యాక అతను ఆ గుండును కాల్చి ఖాళీ చేసేవాడు కాదు, వెనక మర విప్పి మందూ గుండూ తీసేవాడు. విప్పీ బిగించీ మర అరిగింది, సందులోకి మందు చేరింది. ఆ రాత్రి అసలు గొట్టమే పేలింది. రంగం మీద ఎన్నడూ ఇంగ్లిష్ మాట్లాడని ఆ మనిషి ఇంగ్లిష్‌లో తెర దించమని అడిగాడు. మర్నాడు చనిపోయాడు.

రెండోది బ్రాండన్ లీ మరణం. బ్రూస్ లీ కొడుకు, వయసు 28. 1993 మార్చి 31న అమెరికాలోని విల్మింగ్టన్‌లో ‘ది క్రో’ సినిమా షూటింగ్. దగ్గరి షాట్‌లో రివాల్వర్ నిండుగా కనబడాలి. అందుకు డమ్మీ తూటాలు కావాలి. అసలు తూటాల గుండు ఊడదీసి, మందు పారబోసి, మళ్లీ గుండు బిగించి వాటినే డమ్మీలుగా వాడారు. ప్రైమర్‌ను మాత్రం అలాగే వదిలేశారు. ఎప్పుడో ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ ప్రైమర్ పేలి గుండు గొట్టంలోకి వెళ్లి ఆగింది. ఎవరూ చూడలేదు. తరవాత అదే రివాల్వర్‌లో మందు నిండుగా ఉండి గుండు లేని ఉత్తుత్తి తూటా పెట్టి లీ వైపు కాల్చారు. గొట్టంలో ఆగిన గుండు అసలు తూటా వేగంతో వెళ్లి కడుపులో దిగింది. చిన్న చప్పుడు వినిపించినప్పుడే రివాల్వర్ ఖాళీ చేసి, గొట్టంలో ఒక కడ్డీ దూర్చి చూసి ఉంటే? అర నిమిషం పని.

ఆ కడ్డీ ఈనాటికీ మారలేదు. చప్పుడు తేడాగా వస్తే ముందు కాల్చడం ఆపాలి. నిప్పు ఆలస్యంగా అందుకునే అవకాశం ఉంది కాబట్టి మూతిని కనీసం 30 సెకన్లు లక్ష్యం వైపే ఉంచాలి. తరవాత తూటాలన్నీ తీసేసి, వెనక వైపు నుంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. ఇరుక్కున్న గుండును ఇంకో తూటాతో తోసెయ్యాలని ఎన్నడూ అనుకోకూడదు. కాస్త నూనె వేసి, గొట్టానికి గీత పడని ఇత్తడి కడ్డీ పెట్టి మెల్లగా కొడుతూ బయటికి తేవాలి. ఆ పని తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు వదిలేయడమే మంచిది. గుండు వచ్చాక కూడా గొట్టం లోపల వెలుతురు పట్టి చూస్తే, ఉబ్బిన చోట నల్లటి వలయం కనిపిస్తుంది. అది కనిపించిన గొట్టాన్ని మళ్లీ వాడరు. ఆ పెట్టెలో మిగిలిన తూటాలను కూడా లాట్ నంబరు రాసి పక్కన పెట్టేస్తారు.