నెల్లూరిలో ఒక్క పూట

రైలు దిగి, మరల రైలెక్కులోపల ఒక్క పూట చిక్కినచో నెల్లూరిలో ఏమి చూడవలెను? మైపాడు సముద్రతీరమునకు పొమ్మందురు కొందరు. చేపల పులుసుతో భోజనమే చాలునందురు మరికొందరు. మేము పెన్న ఒడ్డున, రంగనాథాలయము ప్రక్క కూర్చుందుము. 13వ శతాబ్దిలో ఈ ఊరు విక్రమసింహపురి. అక్కన బయ్యనలు మనుమసిద్ధిని గద్దె దింపగా, మంత్రి తిక్కన ఓరుగల్లు కేగి, కాకతి గణపతిదేవుని ఒప్పించి సైన్యసాయము పొందెనని సిద్ధేశ్వర చరిత్రము చెప్పును. మనుమసిద్ధికి రాజ్యము మరల దక్కెను. ఆ మంత్రియే విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెనిగించిన కవి. తానొకనాడు ప్రభువుకొరకు పరసభలో నిలిచి మాటాడినవాడు గనుకనే కాబోలు, ఉద్యోగపర్వమున శ్రీకృష్ణరాయబారమునకు అంతటి నిగ్గు అబ్బినది! ఏటి గట్టున ఆ ఘట్టము చదువుచు రైలు తప్పిపోయినను మేము విచారింపము.