పడవకీ ఓ జాతకం

అమ్మమ్మల నాటి ఇత్తడి బిందె ఎవరిదో దానిమీద కొట్టించిన పేరే చెబుతుంది. మరి పేరు చెరిగిపోయిన పాత పడవ మాటేమిటి?

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఓల్డ్ టౌన్ అని చిన్న ఊరు. 1900 ప్రాంతం నుంచీ అక్కడ సీడార్ కర్రమీద కాన్వాసు గుడ్డ బిగించి, కెనూలనే తేలికపాటి తెడ్డుపడవలు చేసేవారు. ఓల్డ్ టౌన్ కంపెనీవారు పడవ రెండు కొసల్లోనూ లోపలివైపు కర్రమీద ఓ నంబరు కొట్టేవారు. రంగు గోకి ఆ నంబరు చూస్తే చాలు. ఏ కొయ్య, ఏ రంగు, ఎప్పుడు, ఏ ఊరికి పంపారో అన్నీ వాళ్ళ పాత కార్డుల్లో దొరుకుతాయి!

దగ్గర్లోనే వీజీలో మోరిస్ గారి పడవలకి ఆ అదృష్టం లేదు. కార్ఖానా తగలబడి పద్దులన్నీ బూడిదయ్యాయి. కొసన హృదయాకారపు చెక్కను చూసి చేసినవారిని పోల్చుకుంటారు సరే, మొదట ముచ్చటపడి కొనుక్కున్నదెవరో చెప్పే దిక్కేదీ?

పడవ ఒడ్డున భద్రంగానే ఉంది. కాలిపోయింది దాని కథ.