సాక్షి లేని బేరం: భిలాయి మేకల వర్తకం నేర్పే పాఠం

ఫోనులో మేకపోతు ఫొటో, వయసు, ధర, ఊరి పేరు చూసి కొనుక్కునే రోజులు వచ్చాయి. ఇక దళారీకి పని లేదని, పెంచినవాళ్ళ చేతికి పూర్తి ధర అందుతుందని చాలామంది ఆశపడుతున్నారు. సంత అంటే ధర తేలే చోటు అని మాత్రమే అనుకుంటే ఆ ఆశ సబబే. కానీ మన పశువుల సంతలు ధరతోపాటు మరో మూడు పనులు చేశాయి. జీవాన్ని చేత్తో పట్టి చూసుకోనిచ్చాయి, బేరానికి నలుగురిని సాక్షులుగా నిలబెట్టాయి, రేపు తగువు వస్తే ఎవరిని నిలదీయాలో తెలిసేలా చేశాయి. ఆన్‌లైన్ అంగడి వీటిలో మొదటిదాన్ని సగానికి కుదించి, తక్కిన రెండింటినీ వదిలేసింది. ఆ లోటు పూడ్చకపోతే నష్టపోయేది మేకలు పెంచుకుని బతికే పేదలే. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయి గతాన్ని చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

ఉక్కు కర్మాగారానికి ముందు ఇక్కడివి దుర్గ్ జిల్లా వరిపొలాల పల్లెలు. మేకల బేరం ముఖపరిచయం ఉన్నవాళ్ళ మధ్యే నడిచేది. 1916లో వెలువడిన రసెల్, హీరాలాల్‌ల గ్రంథం మధ్య పరగణాల కులవృత్తులను వివరిస్తూ గడరియాలను మందలు కాసేవారిగా, ఖటిక్‌లను మాంసం కొట్టేవారిగా చెబుతుంది. కాసేవాడు, కోసేవాడు ఎవరో ఊరందరికీ తెలిసిన కాలం అది. కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి చేరారు. 1931లో పూర్తయిన విజయనగరం, రాయ్‌పూర్ రైలు మార్గం ఉత్తరాంధ్ర పల్లెల వాళ్ళకు దగ్గర దారి అయింది. ఖుర్సీపార్ లాంటి బస్తీల్లో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. కర్మాగారం కాలనీ సెక్టార్లన్నీ పటం గీసి కట్టినవే. సుపేలా, పవర్ హౌస్ బజార్లు మాత్రం జనం అవసరాన్ని బట్టి పెరిగాయి. నెల జీతం మీద బతికే ఊళ్ళో ఆదివారం కూరకు, బక్రీద్ ఖుర్బానీకి, అమ్మవార్ల మొక్కులకు మేకలు కావాలి. కొనేవాడికి పెంచేవాడెవరో తెలియదు. ఆ దూరాన్ని దాటించినవాడు, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో కోచియా అని పిలిచే చిన్న వ్యాపారి.

కోచియా సంపాదన అతని కంటిలో, చేతిలో ఉంది. మేక నోరు తెరిచి చూస్తే వయసు తెలుస్తుంది. పాలపళ్ళు ఊడి ముందరి రెండు పెద్ద పళ్ళు వచ్చాయంటే దాదాపు ఏడాది దాటినట్టు, ఎనిమిదీ వచ్చాయంటే ముదిరినట్టు. నడుము మీద వేళ్ళు వేసి ఎముకకూ చర్మానికీ మధ్య కండ ఎంతుందో పట్టి చూస్తాడు. ఒకే మేకకు మూడు రకాల ధర పలకవచ్చని కూడా అతనికి తెలుసు. మాంసానికైతే బరువు చూస్తారు, ఖుర్బానీకీ మొక్కుకీ అయితే వయసు, రంగు, ఏ లోపమూ లేని ఒళ్ళు చూస్తారు, పెంపకానికైతే జాతి, ఈతలు, పాలు చూస్తారు. ఇక సాక్ష్యం సంగతికొస్తే, తెలుగు సంతల్లో ఆశీలు (సంత రుసుము) కట్టి తీసుకునే రసీదు చిన్న కాగితమే అయినా, జీవం దొంగసొత్తు కాదని చూపడానికి అదే అక్కరకొచ్చేది.

ఇప్పుడు ఆన్‌లైన్ బేరం ఎలా పెరిగిందో చూద్దాం. 2006లో వచ్చిన ఓఎల్ఎక్స్ లాంటి వేదికల్లో పాత బళ్ళ పక్కన మేకలూ కనిపించాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో పల్లెల్లో సైతం డేటా చౌక అయింది. 2020లో కరోనా సంతలను మూయించినప్పుడు, బక్రీద్‌కు మేకలను ఆన్‌లైన్‌లోనో ఫోనులోనో కొనుక్కోమని మహారాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. ప్రభుత్వాలు కట్టిన వేదికల్లో మాత్రం మేకకు చోటు దొరకలేదు. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ పంటల కోసం, అదే ఏడాది నవంబరులో వచ్చిన ఈ-పశుహాట్ ప్రధానంగా ఆవులు, గేదెల కోసం. దాంతో మేకల బేరం ఏ నియమమూ లేని వాట్సాప్ గుంపుల్లోకి చేరింది. ఫొటోలో రంగు, కొమ్ములు కనిపిస్తాయి గానీ పళ్ళు, కండ, దగ్గు కనిపించవు. అందుకే మొక్కు మేకకు ఈ పద్ధతి కొంత సరిపోతుంది. బరువు మీద ఆధారపడే మాంసం బేరానికి మాత్రం బొత్తిగా సరిపోదు.

కోచియాను వెనకేసుకొస్తున్నారా అని ఎవరైనా అడగవచ్చు. అతను కంటితో బరువు కట్టి తక్కువ చెప్పేవాడన్నది నిజం. ముందుగా అప్పిచ్చి మేకను తనకే అమ్మేలా కట్టడి చేసేవాడన్నదీ నిజం. పట్నంలో ధర ఎంతుందో అమ్మే మనిషికి తెలియడం ఆన్‌లైన్ తెచ్చిన గొప్ప మేలు, దాన్ని వదులుకోకూడదు. అయితే కోచియా వచ్చే వారం మళ్ళీ అదే ఊరు రావాలి, కాబట్టి అతని మోసానికి ఒక హద్దు ఉంటుంది. అడ్వాన్సు పంపించుకుని ఫోను కట్టేసేవాడికి ఆ హద్దు లేదు. సంతలే జబ్బులు పంచాయి కదా అనే మాటా ఉంది, అదీ నిజమే. 1987లో తమిళనాడులో మొదట బయటపడిన పీపీఆర్, అంటే పారుడు జబ్బు, దేశమంతటా వ్యాపించడంలో సంతలకూ వాటా ఉంది. కానీ సంతలో ముక్కు కారే మేకను నలుగురూ చూసి పక్కకు తప్పుకుంటారు. ఫొటోలో నిక్షేపంగా ఉన్న మేక నేరుగా ఇంటి మందలో చేరితే ఆ కాస్త అడ్డు కూడా లేదు. దూరప్రయాణానికి పంపే మేకలకు పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలని 1978 నాటి రవాణా నియమాలు చెబుతున్నా, ఇంటికి చేరవేసే బేరాల్లో దాన్ని అడిగేదెవరు?

చెవిపోగు వేసి కంప్యూటరులో ఎక్కిస్తే చాలన్నది మరో వాదన. పశు ఆధార్ పేరుతో 12 అంకెల పోగు ఇప్పటికే ఉంది, ఉపయోగకరమైనదే. అయితే కాగితం ఒక్కటే సాక్ష్యం చెప్పలేదని తెలంగాణ అనుభవం హెచ్చరిస్తోంది. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా, 75 శాతం రాయితీతో ఇచ్చారు. పోగులూ బీమా బిల్లులూ అన్నీ పద్ధతిగా రాసి ఉన్న ఆ పథకంలో, గొర్రెలను తరలించినట్టు చూపిన బళ్ళలో ద్విచక్ర వాహనాలు, అంబులెన్సులు కూడా ఉన్నట్టు కాగ్ తేల్చింది. ఎంత రాసుకున్నా, కొనేచోట నిలబడి చూసే మనిషి లేకపోతే రాతకు విలువ లేదు.

కాబట్టి ఆన్‌లైన్ బేరాన్ని ఆపడం కాదు, దానికి సాక్షిని సమకూర్చడం మన పని. ధర ఫోనులో తేలనివ్వండి, జీవం మాత్రం పదిమంది ఎదుట చేతులు మారాలి. ఛత్తీస్‌గఢ్‌లో వారపు హాట్ బజార్లు ఇంకా బతికే ఉన్నాయి. 2019లో ప్రభుత్వం వైద్యశిబిరాలను అక్కడికే పంపింది, ఎందుకంటే జనం చేరేది అక్కడే. అదే బజారులో ఒక ఎలక్ట్రానిక్ కాటా, పళ్ళు చూసి టీకా నమోదు చేసే పశుసఖి (పల్లెలో పశువుల సంరక్షణ చూసే మహిళా కార్యకర్త), అమ్మేవారు కొనేవారు ఇద్దరి పేర్లూ పోగు అంకెలూ ఉన్న రసీదు, జీవం అందాకే డబ్బు విడుదల చేసే పద్ధతి ఉంటే చాలు. వీటికి కొత్త చట్టాలు అక్కర్లేదు, పంచాయతీ పూనుకుంటే ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. ఊళ్ళో రెండు మూడు మేకలమ్మి పిల్లల ఫీజులు కట్టే తల్లికి పట్నం ధరతోపాటు, ఆ ధర చేతికందుతుందన్న భరోసా కూడా దక్కాలి.